కైకిలా, గుత్తా, పాలా?

మా ఇంట్లో చదువును అమ్ముకోవాల్నా వద్దా అన్న ప్రశ్న నా చిన్నతనంలో ఎన్నడూ రాలేదు. అమ్ముకోవడానికి చదువే లేకుండె. మా తాతది వేలిముద్ర. మా నాయిన మూడో తరగతిలోనే బడి ఇడిచి ఆసామి కాడ జీతానికి కుదిరిండు. మా అవ్వ బడి మొహమే చూడలేదు. మాదిగ వాడలో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటివాణ్ణి నేను. 2017 టీఆర్‌టీ రాసి సర్కారు కొలువులో చేరి, చేవెళ్ళ మండలంలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్తున్న. నా వెనుక నా చెల్లె ఎమ్మెస్సీ లెక్కలు, ఆ మీద బీఎడ్ చేసింది. తన దగ్గరున్న లెక్కల విద్యను ఇంటర్నెట్‌లో ఏ తీరుగ అమ్ముకోవాలె అన్న విషయం మీద మా ఇంట్లో ఏడాది పొడుగూ పంచాయితీ నడిచింది. అదే ఇక్కడ రాస్తున్న.

"అమ్ముకోవడం" అన్న మాట వినంగనే మొహం చిట్లించే మిత్రులున్నారు. విద్య దానం చెయ్యాల్సిందే గానీ బేరం పెట్టేది కాదంటారు. ఈ మాట అంటున్నది ఎవరో చూడాలె. వేదం చెప్పినందుకు అగ్రహారాలు, ఇనాములు పుచ్చుకున్న సంప్రదాయం వాళ్ళది. మా విద్య మాత్రం ఎన్నడూ బేరానికి రాలేదు, గుంజుకున్నరు. దానం చేసుడు అంటే ముందు ఆ వస్తువు నాది అని ఒప్పుకోవాలె గదా. మాకు ఆ మొదటి మెట్టే దక్కలేదు.

మా తాత మోట తొండాలు కుట్టేటోడు. కరెంటు మోటార్లు రాక ముందు మా దిక్కు చెలకలకు, మడులకు నీళ్ళు పారింది మోట బావులతోనే. ఎద్దులు గుంజితే బావిలోంచి నీళ్ళు మోసుకొచ్చే తోలు తొండం మాదిగోడు కుట్టిందే. పచ్చితోలును సున్నం నీళ్ళలో ఎన్ని దినాలు నాననియ్యాలె, వెంట్రుక ఎప్పుడు గీకాలె, తంగేడు చెక్క ఎంత పొయ్యాలె, కుట్టు ఎక్కడ వేస్తే నీళ్ళు కారకుండ ఉంటదో తాతకు చేతివేళ్ళతో తెలుసు. అది రసాయనశాస్త్రమే. ఊరి పంట అంతా ఆ శాస్త్రం మీద బతికింది. తాతకు దక్కింది కల్లం కాడ చేటెడు గింజలు. అవి కూడా ఆయన అడిగిన ధర కాదు, ఆసామి విదిల్చిన మేర. దాని మీద సచ్చిన గొడ్డును ఎత్తుడు, డప్పు కొట్టుడు, కబురు మోసుడు అన్నీ వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. నేను అది క్లాసులో చెప్తా. పోటీ పరీక్షల్లో అది ఒక్క మార్కు బిట్టు. మా ఇంట్లో మాత్రం అది తాత నడుము.

అందుకని మా చెల్లె తన విద్యకు ధర పెడతా అన్ననాడు నాకు సిగ్గు అనిపించలేదు. మా వంశంలో ధర చెప్పే మొదటి మనిషి ఆమెనే.

ఈ ఆలోచన సరదాకు పుట్టింది కాదు. చెల్లె మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. జీతం ఏడాదికి 10 నెలలు, ఎండకాలం 2 నెలలు పస్తు. 2020 మార్చిలో బడులు మూతబడ్డయి, జీతమూ మూతబడ్డది. సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి మీద పాఠాలు మొదలైనయి. నేను వర్క్‌షీట్లు పట్టుకొని పిల్లల ఇండ్లు తిరుగుతున్న, నా జీతం నాకు పడుతున్నది. అదే ఇంట్లో, నాకంటే మంచి టీచర్ అయిన నా చెల్లె అవ్వ ఎంట కూరగాయల తోటకు కైకిలి పోయింది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ బియ్యం మోసుకొచ్చింది నేనే. ఎమ్మెస్సీ పట్టాకు బియ్యం మూట వచ్చింది అని అవ్వ నవ్వింది, నవ్వి కండ్లు తుడుచుకున్నది.

మా ఊరు తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలె. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే తొవ్వలో, ఊడల మర్రిచెట్ల నీడలో మొయినాబాద్, ఆ అవతల చేవెళ్ళ. పూలు, టమాటాలు, ఆకుకూరలు పండించి పట్నానికి పంపే నేల. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి 84 ఊర్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన్రు. అయినా ఫాంహౌస్‌లు లేస్తనే ఉన్నయి. చిలుకూరులో బాలాజీ గుడి చుట్టూ 11 సార్లు తిరిగి, వీసా వచ్చినంక 108 సార్లు తిరగడానికి వచ్చే పిల్లల కార్లు ఇదే తొవ్వ మీద పోతయి. చేవెళ్ళ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. 2023 ఆగస్టు 26న ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది కూడా చేవెళ్ళలోనే. మా పేరు మీద సభలు చాలా జరుగుతయి. సభ అయిపోయినంక కుర్చీలు ఎత్తేది మా పోరలే.

బడులు తెరిచినంక చెల్లె మళ్ళా ఆ ప్రైవేటు బడికి పోయింది గానీ ఒక్క జీతం మీద బతుకొద్దు అని గట్టిగ అనుకున్నది. చేతిలో ఫోన్ ఉన్నది, నెట్ ఉన్నది. దారులన్నీ ఒక కాగితం మీద రాసుకొని ఓ రాత్రి నాకు చదివి వినిపించింది. ఫోన్‌లో ఎదురుబొదురు ట్యూషన్, యూట్యూబ్ ఛానల్, పరీక్షల యాప్‌లకు ప్రశ్నలు రాసిచ్చుడు, ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీలో ఫ్యాకల్టీగ చేరుడు, సొంతంగ కోర్సు చేసి అమ్ముడు. పొయ్యి కాడ రొట్టె కొడుతున్న అవ్వ అంతా విన్నది.

"గవన్నీ నాకు సమజ్ కావు బిడ్డా. గది కైకిలా, గుత్తా, పాలా? ముందుగాల గది చెప్పు" అన్నది.

నేను, చెల్లె ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. అవ్వ అడిగిన ప్రశ్న ఏ నిపుణుడూ అడగలేదు. ఇంటర్నెట్‌లో సంపాదన గురించి చెప్పేటోళ్ళంతా "ఎంత వస్తది" అని చెప్తరు. అవ్వ "ఏ ఒప్పందం మీద వస్తది" అని అడిగింది. తరతరాలు మందిచేన్లలో చేసినోళ్ళకు పని కంటే ముందు ఒప్పందం కనబడతది. ఆ రాత్రి నుంచి మేం అవ్వ మాటల మీదనే లెక్క వేసుకున్నం.

ఎదురుబొదురు ట్యూషన్ కైకిలి. గంటకు ఇంత. వచ్చిన దినం పైసలు, రాని దినం లేవు. జ్వరం వస్తే లేవు, కరెంటు పోతే లేవు. కానీ పొద్దుమూకె వరకు పైసలు చేతికి వస్తయి, అది తక్కువ సంగతి కాదు. ఇంట్లో ఉప్పు, పప్పు లేనోనికి కైకిలే దిక్కు.

యాప్‌లకు ప్రశ్నలు రాసుడు గుత్త. ప్రశ్నకు ఇంత, వెయ్యి ప్రశ్నలకు ఇంత. ఎంత తొందరగ చేస్తే అంత మిగులు. కానీ రాసిచ్చినంక ఆ ప్రశ్న మీద నీ పేరు ఉండదు. అది ఎన్ని లక్షల మంది పిల్లల ముందుకు పోయినా నీకు మళ్ళా రూపాయి రాదు.

యూట్యూబ్ పాలుకు చేసుడు. నేల వాళ్ళది, రెక్కలు నీవి. 2018 నుంచి ఉన్న నియమం ప్రకారం ప్రకటనల పైసలు కావాలంటే 1,000 మంది చందాదారులు, 12 నెలల్లో 4,000 గంటల చూపు ఉండాలె. అవి దాటినంక పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో 55 శాతం చేసినోనికి, 45 శాతం కంపెనీకి. చెల్లె ఈ లెక్క చెప్తే అవ్వ, "సగం పాలు కంటే జెర నయమే, మరి ఇత్తనం ఎవలది?" అన్నది. విత్తనం మనదే. ఫోన్, లైటు, మైకు, నెట్ అన్నీ మన ఖర్చే. నియమం మార్చే అధికారం నేల ఉన్నోనిదే. పాలుకు చేసినోడు పంట చేతికి వచ్చేదాకా అప్పు మీద బతకాలె. ఇక్కడ కూడా అంతే. 100 డాలర్లు నిండేదాకా చేతికి రావు. ప్రకటనల మీద బతికే లెక్కల టీచర్ ఏడాది, రెండేండ్లు వేరే కూడు తినగలగాలె.

కోచింగ్ కంపెనీలో ఫ్యాకల్టీ అంటే జీతం. మా నాయిన కుదిరిన జీతం లాంటిదే, చొక్కా మాత్రం ఇస్త్రీది. ఒక కంపెనీ చెల్లెకు ఒప్పంద పత్రం పంపింది. నెలకు ఇంత ఇస్తం, ఇంకెక్కడా చెప్పరాదు, నువ్వు చెప్పిన వీడియోలు ఎప్పటికీ మావే అని అందులో ఉన్నది. నేను సాంఘికం మాస్టర్‌ను గదా, 1957 కాపీరైట్ చట్టం తెరిచి కూర్చున్న. కొలువులో ఉండి చేసిన పనికి, వేరే ఒప్పందం లేకుంటే, హక్కుదారు యజమానే. కొలువు కాకుండ హక్కు రాసిచ్చే పత్రమైతే, 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకుంటే 5 ఏండ్లే, ప్రాంతం రాయకుంటే భారతదేశం వరకే చెల్లుతది. 57వ సెక్షన్ ప్రకారం హక్కు అమ్ముకున్నా ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు మాత్రం చేసినోని దగ్గరనే ఉంటది. చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఈ మూడు సంగతులు నోట్ చేసుకోవాలె. "ఎప్పటికీ" అన్న ఒక్క మాట కొట్టేసి "3 ఏండ్లు" అని రాయమని చెల్లె అడిగింది. వాళ్ళు జవాబు ఇయ్యలేదు.

ఇంకొకటి ఉన్నది, అవ్వ అడగనిది. వెట్టి. "మా ఛానల్‌లో ఉచితంగ పాఠాలు చెప్పండి మేడం, పేరొస్తది" అని ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. పేరు వస్తది అన్న మాట మా తాతకు కూడా చెప్పిన్రు. "నీ అసుంటి పనోడు సుట్టుపక్కల పది ఊర్లల్ల లేడురా" అని పొగిడేటోళ్ళట. పొగడ్తతోటి పొయ్యి మండదు.

చెల్లె మొదట కైకిలి ఎన్నుకున్నది. ఇంట్లో అప్పు ఉన్నది, వారం వారం పైసలు కావాలె. తెలిసిన వాళ్ళ ద్వారా అమెరికాలో ఉండే ఒక తెలుగు కుటుంబం దొరికింది. మనకు పొద్దున 6 గంటలు అంటే అక్కడ ముందటి రోజు సాయంత్రం. ఇద్దరు పిల్లలు. చెల్లె చెప్పే తీరుకు ఆ పిల్లలు అతుక్కుపోయిన్రు. భిన్నాలంటే భయపడే చిన్నోడు తనే లెక్కలు అడిగి చేయబట్టిండు. పిల్లల తల్లి మెచ్చుకున్నది, ఇంకో రెండు కుటుంబాలకు చెప్తా అన్నది. మూడో వారం పిల్లల నాయనమ్మ కెమెరా ముందుకు వచ్చింది. "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి? అంటే మీరు ఎవరు అవుతారు?" అని అడిగింది. చెల్లె దాచలేదు. "మాదిగోళ్ళం అమ్మా" అన్నది. నాయనమ్మ "అలాగా" అన్నది. అంతకు మించి ఒక్క చెడ్డమాట అనలేదు. సోమవారం మెసేజ్ వచ్చింది, టైం కుదరడం లేదని. చెప్పిన గంటలకు లెక్కకట్టి పైసలు పంపిన్రు. ఆ ఇంకో రెండు కుటుంబాలు మళ్ళా వినబడలేదు.

నోటితో తిట్టలేదు, చేతితో కొట్టలేదు. ఏ పోలీస్ స్టేషన్‌లో ఏమని రాసియ్యాలె? 8 వేల మైళ్ళ అవతల, అద్దం లాంటి తెర మీద నుంచి కూడా అంటు అంటుకుంటది. అమెరికాలో ఈ రోగం ఉన్నదని ఇప్పుడు ఆ దేశమూ వింటున్నది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ దాటించిన బిల్లును అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేసిండు. చిలుకూరు చుట్టూ తిరిగి తెచ్చుకున్న వీసాతోపాటు కులం కూడా విమానం ఎక్కుతది. దానికి వీసా అక్కర లేదు. బాబాసాహెబ్ తన బాధల జ్ఞాపకాలకు పెట్టిన పేరు "వీసా కోసం ఎదురుచూస్తూ" అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు మా తొవ్వ మీద పోయే ఆ కార్లు కనబడతయి.

బాబాసాహెబ్ కూడా ఇదే తొవ్వ నడిచిండు. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివొచ్చి 1917లో బరోడా కొలువు అవమానాలతో ఇడిసిపెట్టిండు. బొంబాయిలో బతుకుదెరువు కోసం ట్యూషన్లు చెప్పిండు. పెట్టుబడుల మీద సలహాలిచ్చే పని మొదలుపెడితే ఆయన అంటరానివాడని తెలిసి వచ్చినోళ్ళు వెనక్కి పోయిన్రు. ఆ రోజు దేశంలో అంతటి అర్థశాస్త్రం చదివినోళ్ళు ఎందరున్నరు? విద్యకు లోటు లేదు, కొనేటోనికే కులం అడ్డం. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయితే, తోటి ప్రొఫెసర్లు ఒకే కుండలో నీళ్ళు తాగొద్దన్నరు. 1920 జనవరి 31న "మూక్‌నాయక్" పత్రిక పెట్టిండు. ఆ పత్రిక ప్రకటన వెయ్యమని పైసలిస్తమన్నా "కేసరి" వెయ్యలేదు. మనకు అంగడి మూసుకుపోయినప్పుడు ఆయన చేసిన పని అది. సొంత గొంతు, సొంత పత్రిక. ఈ కథంతా నేను చెల్లెకు ఓదార్పుగ చెప్పలేదు, లెక్కగ చెప్పిన. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడే ఒప్పందంలో కులం చేతికి కత్తెర ఉంటది. వెయ్యి మంది మీద ఆధారపడితే ఒక్కడు కోసినా తాడు తెగదు.

ఇంటిపేరు తీసెయ్యమని సలహా ఇచ్చినోళ్ళు మనవాళ్ళలోనే ఉన్నరు. "మ్యాథ్స్ మేడం" అని పెట్టుకో చాలు అన్నరు. మొహం చూపియ్యకుండ చెయ్యి, బోర్డు మాత్రమే చూపియ్యి అన్నరు. వాళ్ళను తప్పుపట్టను, పొట్టకూటి కోసం పేరు మింగినోళ్ళ నొప్పి నాకు తెలుసు. కానీ అప్పటికే మా ఇంట్లో ఇంకో సంగతి జరిగి ఉన్నది.

మా నాయిన ఫాంహౌస్‌లో తోటపని చేస్తడు. నారు పొయ్యడం, గులాబీకి అంటు కట్టడం, టమాటా ఆకుముడత తొలినాళ్ళలోనే పసిగట్టడం ఆయన విద్య. మట్టిని పిడికిట్ల పట్టి పిసికి తడి ఎంతున్నదో చెప్తడు. ఫాంహౌస్ యజమాని సేంద్రియ సాగు మీద వీడియోలు తీసి నెట్‌లో పెట్టిండు. చెల్లె ఒక దినం ఫోన్‌లో చూపెట్టింది. అంటు కడుతున్న చేతులు మా నాయినవి. ఎడమ బొటనవేలి మీద ఆరె గీసుకున్న మచ్చ ఉన్నది, గుర్తుపట్టినం. మాటలు యజమానివి. నాయిన చెప్పిన మాటలే, భాష మార్చి చెప్తున్నడు. మొహం లేదు, పేరు లేదు. చూసినోళ్ళు వేల మంది. కింద "సార్, మీ అనుభవం గొప్పది" అని రాసిన్రు.

నాయిన చూసి, "నా చేతులు బాగనే పడ్డయి గదా" అన్నడు. కోపం రాలేదు ఆయనకు. వెట్టిలో పుట్టినోనికి అది దొంగతనం అని వెంటనే తోచదు. చెల్లెకు తోచింది. ఆ రాత్రే అన్నది, "అన్నా, నా చేతులు ఒక్కటే కనబడే వీడియో నేను చెయ్య. మొహం, పేరు, ఇంటిపేరు అన్నీ ఉంటయి."

మన మాట, మన పల్లె యాస జనం వినరన్న మాటకు జవాబు కూడా మన తెలంగాణలోనే ఉన్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కైకిలి చేసుకున్న గంగవ్వ, వయసు మీద పడ్డంక "మై విలేజ్ షో" వీడియోలతో రాష్ట్రమంతా తెలిసింది. 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. పట్నం భాష నేర్చుకొని పోలేదు, తన భాషతోనే పోయింది.

ఇక నా సంగతి. "అన్నా, నువ్వు సోషల్ బాగ చెప్తవు, గ్రూప్స్ రాసే పిల్లలకు నువ్వు గూడ చెప్పు" అని చెల్లె అడిగింది. తోటి టీచరొకాయన "చెల్లె పేరు మీద నడిపియ్యి, ఎవడు చూస్తడు" అన్నడు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్ ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదంటది. సర్కారు ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో వ్యాపారానికి, ఇంకో కొలువుకు ముందే అనుమతి కావాలె. సాహిత్యం, కళ, శాస్త్రం దిక్కు అప్పుడప్పుడు రాసుకోవడానికి తొవ్వ ఉన్నది. నేను ఆ తొవ్వనే పట్టిన, రాస్తున్న. చట్టం ఒక్కటే కారణం కాదు. నా క్లాసులో కూర్చునేది కైకిలోళ్ళ పిల్లలు. పైసలిచ్చినోనికి సాయంత్రం నెట్‌లో బాగ చెప్పి, పొద్దున వాళ్ళకు అలసిపోయిన గొంతుతో చెప్తే నేను ఎవని మనిషిని? ఇంకో మాట. చెల్లె పేరును ముసుగు చేసుకుంటే ఆ ఫాంహౌస్ యజమానికి నాకు తేడా ఏముంటది? ఆయన నాయిన చేతులు వాడుకున్నడు, నేను చెల్లె పేరు వాడుకున్నట్టు.

చివరకు చెల్లె ఒక పద్ధతి కుదుర్చుకున్నది. ముందు తన విద్య ఏందో తను తేల్చుకున్నది. లెక్కల పాఠం చెప్పేటోళ్ళు నెట్‌లో వేల మంది ఉన్నరు. వాళ్ళకు తెలియంది తనకు ఏం తెలుసు? 2022–23 నుంచి సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. మొన్నటిదాకా క.సా.గు. అన్న పిల్ల ఇయ్యాల ఎల్‌సీఎం అంటది. లెక్క వచ్చు, మాట రాదు. ప్రశ్న ఏమడుగుతున్నదో సమజ్ కాక మార్కులు పోతయి. ఇంట్లో అడిగితే చెప్పేటోళ్ళు లేరు, మొదటితరం చదువు గదా. ఆ పిల్ల ఎక్కడ ఆగుతదో చెల్లెకు తెలుసు, తను అక్కడ ఆగి దాటినామె గనుక. మా వాడలో పుట్టుడే ఆమెకు అర్హత అయిన చోటు ఇది ఒక్కటే ఉన్నది.

కాబట్టి పాఠాలు యూట్యూబ్‌లో ఉచితం. మన మాటలో మొదలుపెట్టి ఇంగ్లీషు మాటకు చేరుస్తది. అది పాలు. పంట వస్తే వచ్చింది, లేకుంటే పిల్లలకు పనికొస్తది. పైసలు తీసుకునేది పేపర్ దిద్దినందుకు. పిల్ల నోటుబుక్కులో చేసిన పరీక్ష ఫోటో పంపితే, ఏ మెట్టు కాడ దారి తప్పిందో ఎర్రసిరాతో గీసి, గొంతుతో చెప్పి పంపుతది. పేపర్‌కు 40 రూపాయలు. పాఠం వినిపించేది ఎక్కడైనా దొరుకుతది, దిద్దేటోళ్ళు దొరకరు. ధర తనే పెట్టింది. పైసలు యూపీఐలో నేరుగ తన ఖాతాలో పడతయి, నడుమ మధ్యవర్తి లేడు. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోదు, తల్లిదండ్రుల నంబరుతోనే మాట్లాడతది. రాబడి అంతా ఒక పుస్తకంలో రాసుకుంటది, ఆదాయపన్ను లెక్కకు చూపిస్తది. ప్రైవేటు బడి కొలువు ఇంకా ఇడువలేదు. పదో తరగతి పరీక్షల ముందు మూడు నెలల్లో దిద్దిన పేపర్ల మీద వచ్చింది బడి జీతంలో సగం. గొప్పగ చెప్పుకునేంత కాదు, ఎండకాలం 2 నెలలు పస్తు లేకుండ గడిచినయి.

వీడియోల పైసలు 10 డాలర్లు దాటినప్పుడు చిరునామా సరిచూసుకోవడానికి గూగుల్ పోస్టులో ఒక పిన్ నంబర్ పంపుతది. చిరునామా రాసేటప్పుడు పట్నంలో ఉన్న దోస్తు ఇల్లు రాయమని ఎవరో అన్నరు. చెల్లె "ఎస్సీ కాలనీ" అనే రాసింది. ఆ ఉత్తరం వచ్చింది. బ్యాంకు అప్పు నోటీసు, కరెంటు బిల్లు తప్ప మా వాడ పేరు అచ్చయిన కాగితం అవ్వ ఎన్నడూ చూడలేదు. "గిదేం నోటీసు బిడ్డా?" అని బుగులుపడ్డది. నోటీసు కాదవ్వా, పైసలు ఏ ఇంటికి పంపాల్నో అడుగుతున్నరు అని చెప్పినం.

కింద కామెంట్లలో "రిజర్వేషన్ మేడం" అని రాసేటోళ్ళు రాస్తనే ఉన్నరు. చెల్లె తుడిచెయ్యదు. కింద ఒక లెక్క పెట్టి, చేసి పంపమంటది. ఇప్పటిదాకా ఒక్కడూ చేసి పంపలేదు.

విద్యార్థి మిత్రులకు, ఉద్యమంలో పనిచేసే తమ్ముళ్ళకు ఒక మాట. డిగ్రీ, పీజీ చేసి ఖాళీగ ఉన్న మన పిల్లలు వాడవాడకూ ఉన్నరు. "నెట్‌లో ఇంటి నుంచే లక్షలు" అని వాళ్ళ చెవుల్లో ఊదేటోళ్ళూ ఉన్నరు. ఏ పని అయినా పట్టుకోండి, మీ విద్యకు ధర అడగడానికి సిగ్గుపడకండి. కానీ నాలుగు సంగతులు అడిగి పట్టుకోండి. నేల ఎవరిది? లెక్క ఎవరు రాస్తున్నరు? పేరు ఎవరిది పడుతది? నచ్చకుంటే నా వస్తువు నేను తెచ్చుకొని బయటకు రావచ్చునా? ఈ నాలుగింటికీ జవాబు దొరకకుంటే దానికి ఎంత పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టినా అది వెట్టే. అంబేద్కర్ సంఘాలు ఊరూరా ఉన్నయి. జయంతి రోజు దండ వేసినంక ఆ గదిలో ఒక ఫోన్ స్టాండు, ఒక లైటు, ఒక నెట్ కనెక్షన్ పెడితే, పది మంది పిల్లలు తమ విద్యను తమ పేరుతో చెప్పుకుంటరు. ఒప్పంద పత్రాలు చదివి చెప్పే న్యాయవాది మిత్రుడు ఒకడు నెలకోసారి వచ్చినా చాలు.

ఈ వానకాలం మా నాయిన నారు పోసేటప్పుడు చెల్లె వీడియో తీస్తానంటున్నది. నాయిన వంద సాకులు చెప్తున్నడు. పండ్లు ఊడినయి, అంగీ మంచిది లేదు, నాకు మాట్లాడ రాదు అంటడు. ఖాతా మాత్రం ఆయన పేరు మీదనే తెరవాలని చెల్లె పట్టుబట్టింది. బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వెయ్యనని, సంతకమే పెడతనని నాయిన అన్నడు. మూడో తరగతి దాకా చదివిన అక్షరాలు ఇంకా గుర్తున్నయట. రోజూ రాత్రి పాత నోటుబుక్కులో తన పేరు రాసుకుంటున్నడు.